గోదావరి మట్టిలో మోగే బంగారం ఎవరో పారేసుకున్నదే

పది గ్రాముల బంగారం 2025లో లక్ష రూపాయలు దాటిన దగ్గర్నుంచీ మా కొట్టుకొచ్చే బేరమే మారిపోయింది. నాది రాజోలు వైపు చిన్న ఎలక్ట్రానిక్స్ రిపేరు కొట్టు. ఒకప్పుడు టీవీలు, తర్వాత ఇన్వర్టర్లు, రొయ్యల చెరువుల ఏరియేటర్ ప్యానెళ్ళు. ఇప్పుడు వాటి మధ్యన మెటల్ డిటెక్టర్లు కూడా బల్ల మీదకి ఎక్కుతున్నాయి. కొన్నవాళ్ళు రిపేరుకి తెస్తారు. కొననివాళ్ళు ఫోన్లో వీడియో పెట్టి చూపిస్తారు. ఎర్రమట్టి నేల మీద టోపీ పెట్టుకున్న ఆస్ట్రేలియా ఆయనెవరో పళ్ళెంలాంటి కాయిల్ ఊపుకుంటూ నడుస్తాడు, అది కుయ్యిమంటుంది, చిన్న గునపంతో రెండు పోట్లు వేస్తాడు, చిక్కుడు గింజంత బంగారం చేతిలో పడుతుంది. వీడియో అవ్వగానే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది మన లంకల్లో తిప్పితే పన్జేస్తదాండి?"

"పన్జేస్తదండి, మిషన్‌కేం రోగం! నేలలోనే లేదు" అంటాను. నమ్మరు. రిపేర్లు చేసుకునేవాడికి లోకం తెలీదనుకుంటారో, లేకపోతే రాత్రిళ్ళు నేనే వెళ్ళి తవ్వుకుంటున్నాననుకుంటారో గానీ, ఓ నవ్వు నవ్వి వెళ్ళిపోతారు. అందుకని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. డెల్టాలో బంగారు ముద్దలు లేవన్నది నేను చెప్పేదాంట్లో సగమే. రెండో సగం ఏమిటంటే, మన నేలలో మోగే బంగారం ఏదైనా సరే, ఒకప్పుడు ఒకరి మెడలోనో చెవికో ఉన్నదే. ఆస్ట్రేలియాలో రాతిలోంచి ఊడిపడిన ముద్దని అంతకుముందు ఎవరూ వేసుకోలేదు. (ఆ నేల అసలు హక్కుదారులు అక్కడి ఆదివాసులన్న గొడవ వేరే ఉంది, అది చిన్నదేం కాదు.) మన దగ్గర మాత్రం వస్తువుకే సొంతదారు ఉంటారు. ఈ తేడా పట్టించుకోకుండా మిషను భుజాన వేసుకుని బయల్దేరినవాడు ఏ గుప్తనిధుల ముఠాలోనో తేలతాడు.

ముందు ముద్దల సంగతి. నగ్గెట్, అంటే నేలలో దొరికే బంగారు ముద్ద, ఏట్లో తయారయ్యే వస్తువు కాదు. భూమి లోపలి వేడినీళ్ళు రాతి పగుళ్ళలోంచి పైకొస్తూ, తమలో కరిగి ఉన్న బంగారాన్ని తెల్లటి పలుగురాయి చారల్లో వదిలేస్తాయి. పైనున్న కొండ కోట్ల ఏళ్ళు ఎండకీ వానకీ అరిగితే ఆ చార బయటపడుతుంది. పలుగురాయి పగిలి చెదిరిపోతుంది. బంగారం తుప్పు పట్టదు, వానకి కరగదు, పైగా బరువు. నీటికి 19 రెట్ల పైచిలుకు బరువు దానిది. మామూలు ఇసుక రెండున్నర రెట్లు దాటి కాస్త ఉంటుంది, అంతే. చాటలో చెరిగినప్పుడు పొట్టు ఎగిరిపోయి గింజ చేతి దగ్గరే ఆగినట్టు, తేలికవన్నీ కొట్టుకుపోయి బంగారం పుట్టినచోటుకి దగ్గర్లోనే ఉండిపోతుంది. మహా అయితే పక్కనున్న వాగులో దిగి, అడుగున రాతి పగుల్లో ఇరుక్కుంటుంది.

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రం ఇందుకే పేరుపడింది. అక్కడి నేల మహా పాతది, అరిగీ అరిగీ ఉన్నది. 1869లో మొలియాగుల్ దగ్గర జాన్ డీసన్, రిచర్డ్ ఓట్స్ అనే ఇద్దరికి ఒక చెట్టు మొదట్లో, అంగుళం పైన మట్టి మాత్రమే కప్పుకుని, శుద్ధి చేశాక 72 కిలోలు తూగిన ముద్ద దొరికింది. 'వెల్‌కం స్ట్రేంజర్' అంటారు దాన్ని. అప్పటికి డిటెక్టర్లు లేవు. 1980లో అదే రాష్ట్రంలో కింగోవర్ దగ్గర కెవిన్ హిల్లియర్ గారెట్ కంపెనీ డిటెక్టర్ తిప్పుతుంటే 27 కిలోల ముద్ద బయటపడింది. అది కూడా ఏమంత లోతులో లేదు. దాన్ని లాస్ వేగాస్‌లో ఒక కాసినో పది లక్షల డాలర్లకి పైనే పోసి కొనుక్కుంది. 2023లో ఆ రాష్ట్రంలోనే ఇంకొకాయన 4.6 కిలోల రాయి పట్టుకొస్తే అందులో 2.6 కిలోల బంగారం తేలింది. ఆయన చేతిలో ఉన్నది మైన్‌లాబ్ ఈక్వినాక్స్ 800. అక్కడ లెక్కకి అదేమంత ఖరీదైన మిషను కాదు. ఆ ముద్దలన్నీ మిషను గొప్పతనం వల్ల దొరికాయనుకుంటే పొరపాటు. నేల అలాంటిది. మిషను ఆ నేల మీద నడిచింది.

ఇప్పుడు మన నేల చూడండి. గోదావరి త్రయంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తుంది. అందులో పైసగం చాలావరకూ దక్కన్ నల్లరాతి మీదే. ఆ లావా రాయి బంగారానికి పుట్టిల్లు కాదు. కిందికొచ్చాక ఇంద్రావతి, శబరి పాత రాతి నేలల మీంచి వచ్చి కలుస్తాయి కాబట్టి ఆ దారిన ఎక్కడో నాలుగు రేణువులు బయల్దేరాయనే అనుకుందాం. పాపికొండలు దాటి, ధవళేశ్వరం దిగి, గౌతమి, వశిష్ఠ, వైనతేయగా చీలేసరికి నీటికి వాలు ఉండదు, మోసే బలం ఉండదు. వండ్రు మట్టి, సన్న ఇసుక, అంతే. కోనసీమలో ఇల్లు కట్టుకునేవాడు కంకర కావాలంటే మెట్ట నుంచి లారీలో తెప్పించుకోవాలి. గులకరాయినే ఇక్కడిదాకా దొర్లించలేని నది, దానికి ఏడు రెట్లు బరువుండే బంగారు ముద్దని మీ కొబ్బరితోట దాకా తెచ్చి ఎందుకు పెడుతుందండీ? పోనీ అడుగున రాయి తగిలేదాకా తవ్వుదామంటే, ఓఎన్‌జీసీ వాళ్ళు గ్యాసు కోసం వేల మీటర్లు దించారు, చాలావరకూ పొరలు పొరలుగా మట్టీ ఇసుకా గట్టిపడినవే వచ్చాయి.

మన రాష్ట్రంలో బంగారం లేదా అంటే ఉంది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ఉంది, అనంతపురం వైపు రామగిరిలో ఉంది, చిత్తూరు జిల్లా చిగురుగుంటలో ఉంది. కానీ అది కంటికి కనిపించే ముద్దలుగా కాదు. టన్ను రాయి పొడి కొడితే కొన్ని గ్రాములు వచ్చే బంగారం అది, మిషను కింద పెడితే కిక్కురుమనదు. కోలార్‌లో మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి దిగి తవ్వినా, గిట్టక 2001లో మూసేశారు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వెతికేది కూడా వజ్రాల కోసం. వజ్రాన్ని ఏ డిటెక్టరూ పట్టలేదు. అక్కడ కళ్ళే పనిచేస్తాయి.

మిషను ఏం చేస్తుందో కూడా చెప్పుకోవాలి, మోసాలన్నీ అక్కడే మొదలవుతాయి కాబట్టి. కింద పళ్ళెంలో రాగితీగ చుట్టలుంటాయి. ఒక చుట్టలో కరెంటు సెకనుకి వేలసార్లు అటూ ఇటూ మారుతుంటుంది. కింద లోహమేదైనా ఉంటే దాని ఒంట్లో చిన్న చిన్న సుడి కరెంట్లు పుడతాయి. అవి తిరిగి పంపే సంకేతాన్ని రెండో చుట్ట అందుకుంటుంది. నాణేలు వెతికే మామూలు మిషన్లు పది కిలోహెర్ట్జ్ (అంటే సెకనుకి పదివేల సార్లు) అటూ ఇటూగా నడుస్తాయి. బియ్యపు గింజంత బంగారంలో పుట్టే సుడి కరెంటు పుట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి, నగ్గెట్ల మిషన్లకి ఇంకా ఎక్కువ కావాలి. మైన్‌లాబ్ గోల్డ్ మాన్‌స్టర్ 45 కిలోహెర్ట్జ్, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71. ఇనుము కలిసిన ఎర్రమట్టిలో ఇవి కూడా తికమకపడతాయని పల్స్ ఇండక్షన్ రకం వచ్చింది: ఒక్క పోటు కరెంటు పంపి, ఆపేసి, ఆ నిశ్శబ్దంలో నేల ఏమంటుందో వింటుంది. మైన్‌లాబ్ జీపీఎక్స్ వరసంతా ఇదే. లక్షల్లో ఉంటుంది ధర.

ఇంత చదువు చదివినా ఏ మిషనూ "ఇది బంగారం" అని చెప్పదు. వస్తువులో కరెంటు ఎంత సులువుగా తిరుగుతోంది, వస్తువు ఎంత, ఏ ఆకారంలో ఉంది, ఈ మూడూ కలిసిన ఒక అంకె చెబుతుంది. చిన్న బంగారం చెప్పే అంకే అల్యూమినియం రేకు చెబుతుంది, సీసం చెబుతుంది. మన ఏటిగట్ల వెంట సీసానికి కరువా? విసురు వల అంచుకి కట్టే గుళ్ళు ఎన్ని తరాలుగా తెగి పడ్డాయో! తడిసిన ఉప్పు నేల కూడా సన్న బంగారంలాగే మోగుతుంది. అంతర్వేది ఒడ్డున కెరటం తడిపిన ఇసుక మీద నా మిషను పెడితే కాయిల్ కదిపినప్పుడల్లా ఏడుపే. దానికి తోడు నల్ల ఇసుక. మన తీరం పొడుగునా ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలతో పాటు దక్కన్ నుంచి కొట్టుకొచ్చిన మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం చారలు చారలుగా ఉంటుంది. అయస్కాంతం పెడితే గడ్డంలా అతుక్కుంటుంది. అసలు నగ్గెట్ల మిషను సున్నితనమంతా ఇక్కడ దానికే శత్రువు.

లోతు మాటకొస్తే, రూపాయి బిళ్ళంత వస్తువుని మంచి మిషను జానెడు, మహా అయితే ఇంకాస్త లోతు దాకా పడుతుంది. మూరెడు దాటితే అనుమానమే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే "యాభై అడుగుల లోతులో బంగారం చూపిస్తుంది" అనే ప్రకటన చూసి ఎవరూ పర్సు తియ్యరు.

తీస్తున్నారు గనకే చెబుతున్నాను. అలాంటిదొకటి రిపేరుకొచ్చింది. ఊరూ పేరూ అనవసరం, అమ్మినవాడి పేరు అసలే అనవసరం. పిస్తోలులా పిడి, ముందుకి సాగే ఏంటెన్నా, పక్కన 'గోల్డ్, సిల్వర్, డైమండ్, వాటర్' అని తిప్పుకునే మీట. కొనుక్కున్నాయన రొయ్యల చెరువు లీజు డబ్బు పెట్టి కొన్నాడు. "ఏంటెన్నా తిరగడం లేదండి, బేరింగు పోయినట్టుంది" అన్నాడు. విప్పాను. తొమ్మిది వోల్టుల బ్యాటరీ, దానికో ఎర్ర లైటు, చిన్న బజర్. మీట నుంచి వచ్చిన నాలుగు తీగలూ ఒక ఖాళీ సర్క్యూట్ ముక్క మీద టంకం పెట్టి వదిలేసి ఉన్నాయి. బంగారం వైపు తిప్పినా నీళ్ళ వైపు తిప్పినా అవి వెళ్ళేది ఎక్కడికీ లేదు. ఏంటెన్నా మాత్రం మంచి నున్నటి బేరింగు మీద కూర్చుంది, మణికట్టు వెంట్రుకవాసి వాలినా అటు తిరుగుతుంది. మోసమంతా ఆ బేరింగులో ఉంది. పట్టుకున్నవాడి మనసు ఎటు లాగితే చెయ్యి అటు వాలుతుంది, వాడికే తెలియకుండా. కొబ్బరిపుల్లతో నీళ్ళు చూసేవాడి చేతిలో జరిగేదీ అదే.

ఆయనకి తీగలు చూపించాను. చాలాసేపు చూసి, "మరి దుకాణంలో ఉంగరం దాస్తే కనిపెట్టిందేటండి?" అన్నాడు. ఉంగరం ఎక్కడుందో అమ్మేవాడికి తెలుసు కదండీ.

నవ్వుకోవడానికేం లేదు. ఇలాంటి డబ్బాలనే బాంబులు కనిపెట్టే యంత్రాలని ఏడీఈ 651 పేరుతో ఇరాక్ ప్రభుత్వానికి కోట్ల డాలర్లకి అమ్మాడు జేమ్స్ మెక్‌కార్మిక్ అనే ఇంగ్లీషువాడు. దాని మూలం గోల్ఫు బంతులు వెతికిపెడుతుందని అమ్మిన ఒక ఆటవస్తువు. చెక్‌పోస్టుల్లో సైనికులు దాన్ని నమ్మి బళ్ళు వదిలేశారు. 2013లో లండన్ కోర్టు వాడికి పదేళ్ళ జైలు వేసింది. ఒక దేశం సైన్యమే మోసపోయిన చోట రొయ్యల రైతుని ఏమంటాం? బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందని అంటగట్టే 'రైస్ పుల్లింగ్' చెంబు కోసం ఆస్తులు తెగనమ్ముకున్న జిల్లాలు మనవి. చెంబు పాతబడింది, ఇప్పుడు దానికి ఏంటెన్నా వచ్చింది.

మరి అసలు మిషను మన దగ్గర ఎందుకూ పనికిరాదా అంటే, చక్కగా పనికొస్తుంది. సార్వా ఊడ్పులప్పుడు పక్క ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. నాట్లు వేస్తుంటే చెవి దుద్దు ఎక్కడో జారిపోయింది. జత అరకాసు. సాయంత్రం ఇంటికెళ్ళి మొహం కడుక్కుంటే తెలిసిందిట.

"మీ దగ్గర మిషనుందంటగా అన్నయ్యగారూ, ఓసారి రండి."

"ఊడ్చిన చేలో దిగనిస్తాడామ్మా ఆసామి? కోతలయ్యాక చూద్దాం."

"అందాకా ఉంటాదాండి అది?"

ఉంటుంది. ఎందుకుంటుందో ఆవిడకి అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను గానీ, సంగతి ఇది. దమ్ము చేసిన చేలో పైన బురద ఎంత మెత్తగా ఉన్నా, ఏటేటా ట్రాక్టరు చక్రాలు తొక్కీ తొక్కీ కింద ఒక గట్టి పొర తయారై ఉంటుంది. మడిలో నీళ్ళు నిలబడేదే దాని వల్ల. బరువైన వస్తువు బురదలో దిగి దిగి ఆ పొర మీద ఆగుతుంది. అది జానెడు లోతు కూడా ఉండదు. విక్టోరియా వాగుల్లో బంగారాన్ని ఆపే బండరాయి పని మన డెల్టాలో ఆ పొర చేస్తుంది. డిటెక్టరుకి సరిగ్గా అందే లోతు. పైగా మంచినీటి పొలం, ఉప్పు గోల లేదు.

కోతలయ్యాక వెళ్ళాం. నారుకట్టలు దించిన చోటు, బోదె పక్కన, ఆవిడకి బాగానే గుర్తుంది. పురికొస కట్టి పట్టీలు పట్టీలుగా చేసుకుని, మోళ్ళ మీద కాయిల్ ఆనించి మెల్లగా తిప్పుకుంటూ వెళ్ళడమే పని. ఎత్తి ఊపితే రెండంగుళాల లోతు గాలికే పోతుంది. ముందు గరగరమని ఇనుము: ట్రాక్టరు బోల్టులు, ముళ్ళతీగ ముక్కలు. తర్వాత శుభ్రంగా, తియ్యగా మోగింది. తవ్వితే పురుగుమందు సీసా మూతి మీద అంటించే అల్యూమినియం బిళ్ళ. ఇంకొకటి. ఇంకొకటి. మందు కొట్టిన ప్రతిసారీ సీసా మూతి చింపి అక్కడే పడేస్తారు కదా, చేనంతా అవే. బంగారంలాగే మోగుతాయి, విడదీసే దారి లేదు, ప్రతిదీ తవ్వి చూడాల్సిందే. ఆసామి గట్టు మీద కూర్చుని, "నా మందుల ఖర్చంతా లెక్క తేలుస్తున్నావయ్యా" అన్నాడు.

బోదె వారన ఒక మోత సన్నగా వచ్చింది. ఇలాంటప్పుడు పారతో కెలికితే వస్తువు మళ్ళీ తప్పిపోతుంది. అరచేతి మందాన మట్టిపెళ్ళ తీసి, మోగేది పెళ్ళలోనా గుంటలోనా చూసుకోవాలి. పెళ్ళలో మోగితే దాన్ని సగం చేసి, ఏ సగం మోగుతోందో చూడాలి, మళ్ళీ సగం. చేతిలో ఇనుప తాపీ ఉంటే అదే మోగుతుంది కాబట్టి నేను ఐస్‌క్రీం డబ్బా మూత వాడతాను. నిమ్మకాయంత ముద్ద మిగిలాక ఆవిడ చేతిలో పెట్టాను. వేళ్ళతో నలిపింది. దుద్దు. తెల్లరాళ్ళ మధ్యలో బురద పట్టి ఉంది. నోట్లో వేసుకుని కడిగేసి, తిప్పి చూసి, "శీల లేదండి" అని మళ్ళీ గుంటలో వెతకడం మొదలెట్టింది. ఆ శీల దొరకలేదు. మిషను దానికి పలకలేదు కూడా.

ఆసామి గట్టు దిగొచ్చి, "నా చేలో దొరికింది, నాకేం వాటా లేదేంటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, పూర్తిగా నవ్వులాటకి అనలేదు.

ఆ ప్రశ్నకి 1878 నాటి చట్టం ఉంది, ట్రెజర్ ట్రోవ్ చట్టం. నేలలో దాచి ఉన్న వస్తువు, విలువ పది రూపాయలు దాటినది దొరికితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. పది రూపాయలన్నది 1878 మాట. ఇప్పుడు దానికి టీ వస్తే గొప్ప. కలెక్టరు నోటీసు వేసి విచారిస్తారు. సొంతదారు ఎవరూ తేలకపోతేనే పంచుడు: వేరే ఒప్పందం లేకపోతే దొరికినవాడికి ముప్పాతిక, నేల ఆసామికి పావు. చెప్పకుండా దాచుకుంటే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు కూడా. నాకు ఇందులో నచ్చిన సంగతి ఏమిటంటే, వందేళ్ళలోపు ఫలానావారు దాచిపెట్టిందని నమ్మడానికి ఆస్కారం ఉంటే, వాళ్ళు కోర్టులో తేల్చుకునేదాకా పంచుడు ఆపమంటుంది. తెల్లదొరలు రాసిన చట్టమే అయినా, మట్టిలో బంగారానికి వెనకాల ఒక మనిషి ఉండి ఉంటాడని దానికి గుర్తుంది. ఇక దుద్దుకైతే ఆ చట్టంతో పనే లేదు. అది ఎవరూ దాచింది కాదు, సొంతదారు బురద చేతులతో ఎదురుగా నిలబడి ఉంది. ఆసామికీ అదే చెప్పాను. "సర్లెండి, శీల దొరికితే నాది" అన్నాడు.

నిజంగా నేల కన్న బంగారమే వెతుకుతానంటే 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం అడ్డొస్తుంది. అనుమతి లేకుండా తవ్వడమే కాదు, అన్వేషణ కూడా కుదరదు. విక్టోరియాలో మామూలు మనిషికి 'మైనర్స్ రైట్' అని పదేళ్ళు చెల్లే కాగితం ఇస్తారు, అది జేబులో పెట్టుకుని తిరుగుతారు. మన దగ్గర అలాంటి కాగితమే లేదు. వీడియోలో ఈ ముక్క ఎవడూ చెప్పడు. పాత దిబ్బల జోలికైతే అసలు వెళ్ళకూడదు. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో. అక్కడ పార వేస్తే పాత కట్టడాల రక్షణకున్న 1958 చట్టం కింద కేసు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక్క నాణెం కోసం గుంట పెడితే ఏ పొరలో ఏముందన్న లెక్క చెరిగిపోతుంది, తర్వాత ఎంత చదువుకున్నవాడొచ్చినా దాన్ని తిరిగి అతికించలేడు. రాళ్ళ కింద నిధి ఉందని గుళ్ళో నందులు పగలగొట్టే ముఠాలు చేసేది ఇదే, పెద్ద ఎత్తున.

కాకినాడ దగ్గర ఒకప్పటి కోరంగి రేవులో మునిగిన ఓడల బంగారం గురించి కూడా అడుగుతుంటారు. 1839 నవంబరు తుపానుకి ఉప్పెన వచ్చి కోరంగి రేవు కొట్టుకుపోయిన మాట నిజం. కానీ అప్పట్నుంచీ గౌతమి ఏటేటా వండ్రు పోస్తూనే ఉంది. రేవే పూడిపోయి మడ అడవి లేచింది. మూరెడు లోతు చూసే మిషను అక్కడ ఎన్ని మనుషుల లోతుకి చూడాలి?

మన వైపు నిజంగా బంగారం ఏరుకునే చోటు ఒకటుంది, ఉప్పాడ. డెల్టా ఉత్తరపు కొస దాటగానే, కాకినాడ పక్కన. అక్కడ సముద్రం తరాలుగా ఊరిని తినేస్తోంది. ఇళ్ళూ గుళ్ళూ వీధులూ నీళ్ళలో కలిసిపోయాయి. జియో ట్యూబులతో గోడ కట్టినా ఆగలేదు. 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఒడ్డున పూసలూ చిన్న చిన్న ముక్కలూ దొరుకుతున్నాయని ఊరంతా ఇసుక మీద వాలింది. టీవీల్లో వింతలా చూపించారు. వింతేం లేదు. పెద్ద కెరటాలు తేలిక ఇసుకని లోపలికి లాక్కుపోయి బరువైనవాటిని ఒడ్డున వదులుతాయి. నల్ల ఇసుక చార ఎక్కడుందో అక్కడే బంగారమూ ఉంటుంది. ఆ చారల్ని ఉప్పాడ పిల్లలు చూపుతోనే పసిగడతారు.

అక్కడికి మిషన్లు పట్టుకుని వెళ్దామని మాలాంటి వాళ్ళు కొందరు అన్నారు. నేను వద్దన్నాను, ఇప్పటికీ వద్దనే అంటాను. ఉప్పు ఇసుకలో మిషన్లు సరిగ్గా పనిచేయవన్నది నిజమే గానీ, నా కారణం అది కాదు. సముద్రం తిన్న ఇళ్ళు ఆ ఊరివి. వేళ్ళతో ఇసుక కెలుక్కుంటున్న ముసలమ్మకి దొరికే పూస వాళ్ళ అత్తగారిదో, పక్కింటివాళ్ళదో కావచ్చు. ఎవరిదో రుజువు చేసే దారి లేదు కాబట్టి, కనీసం ఆ ఊళ్ళోనే ఉండటం న్యాయం. బయటివాడు లక్షల మిషను తెచ్చి గంటలో ఊడ్చుకుపోతే దాన్ని హాబీ అనడానికి నాకు నోరు రాదు. అదే పద్ధతిలో బంగారు కొట్ల వీధుల్లో మురుగు మట్టి కడిగి బతికేవాళ్ళ పని కూడా మనం ముట్టుకోకూడదు. ఆ మట్టిలో రజను మిషనుకి ఎలాగూ వినపడదు.

నన్నడిగితే మిషన్లు వెళ్ళాల్సింది రాజమండ్రి ఘాట్లకి. గోదావరి పుష్కరాలు 2027లో వస్తున్నాయి. 2015లో చూశాం కదా, జనం ఎలా విరుచుకుపడ్డారో. తోపులాటలో, మునకలో, తడిబట్టలు మార్చుకోవడంలో ఎన్ని ఉంగరాలు, ఎన్ని గొలుసులు జారతాయో లెక్కకి అందదు. మామూలు రోజుల్లోనే తాడుకి అయస్కాంతం కట్టి మెట్ల మీంచి విసిరి చిల్లర లాగే కుర్రాళ్ళున్నారు. స్టీలు బిళ్ళలు అతుక్కుంటాయి, రాగీ ఇత్తడీ అతుక్కోవు, బంగారం అసలే అతుక్కోదు. అంటే వాళ్ళు తియ్యలేనిదే డిటెక్టరు తియ్యాల్సింది. ఇద్దరికీ పోటీ లేదు. పైగా వాళ్ళు ముందు స్టీలు లాగేస్తే మిషనుకి దారి శుభ్రమవుతుంది, లేకపోతే రూపాయి బిళ్ళల హోరులో ఉంగరం మోత వినపడదు. అక్కడ నీళ్ళు మంచినీళ్ళు, కాబట్టి నీళ్ళలో దిగే మామూలు మిషన్లు చాలు, లక్షలు పొయ్యక్కర్లేదు. రద్దీ తగ్గాక రాత్రిపూట, ఘాట్ మూసి, గజ ఈతగాళ్ళ పక్కన ఒక మిషను మనిషి. దొరికిన ప్రతి వస్తువూ పోలీసు బల్ల మీద, అందరి ముందూ రిజిస్టర్లో ఎక్కాలి. పారేసుకున్నవాళ్ళు రాసిచ్చిన ఫిర్యాదులో గుర్తులు ముందే ఉండాలి: ఎన్ని గ్రాములు, ఏ రాయి, లోపల ఏ అక్షరాలు. వస్తువు చూపించాక గుర్తులు అడిగితే అందరికీ అన్నీ గుర్తొస్తాయి. ఎవరూ రాని వస్తువులు ఎన్నాళ్ళు ఉంచాలో, ఆ తర్వాత ఏ ఖాతాకి పోవాలో పుష్కరాలకి ముందే బోర్డు మీద రాసి పెట్టాలి. మిషన్లున్న మాబోటివాళ్ళం పన్నెండు రోజులూ ఊరికే వచ్చి తిప్పిపెడతాం. బ్యాటరీలు ఛార్జి పెట్టుకోడానికి ఒక ప్లగ్గు, రాత్రికింత భోజనం చూస్తే చాలు.